కుమారుని కారు – తల్లి చేవ్రాలు

మన పెద్దలు ఇంటికొక పాడిగేదెను కొనవలసివచ్చినచో పండ్లు లెక్కించి, సుడులు చూచి, రెండుపూటలు పాలు పిండించి చూచిన గాని బేరము ముగించెడివారు కారు. ఆ పరీక్షలో ఇల్లాలి మాటయే కడపటి మాటగా నుండెడిది. నేడు గేదె వెలకు పదింతలు పోసి కొను మోటారుకారు విషయమున మాత్రము మనము రంగు చూచి, పసుపుకుంకుమలు పెట్టి, చక్రములక్రింద నిమ్మకాయలుంచి తృప్తినొందుచున్నారము. కాగితములు మనకు తెలియని పనియని ప్రక్కకు తొలగుచున్నారము. ఇట్లు తొలగుటవలన ఒక తల్లికి వచ్చిన కష్టమును సోదరీమణులకు విన్నవించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నారము.

శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో గజపతులనుండి గైకొనిన ఉదయగిరి దుర్గము నెల్లూరుజిల్లా పడమటి భాగమున నున్నది. ఆ కొండ దిగువనున్న యూరు కొయ్యగరిటెలకును, చెంచాలకును పేరుపడినది. కొయ్యను నున్నగా చెక్కి, పిడులపై నగిషీలు తీర్చు ఆ పనిలో స్త్రీలు పలువురు కలరు. అట్టి పనిచేసి నాలుగు రూకలు కూడబెట్టుకొనిన యొక తల్లి యింట మేము ఒకపూట ఆతిథ్యము పొందితిమి. ఆమెకు ఒక్కడే కుమారుడు, ఇరువదియొక యేండ్లవాడు. ఆత్మకూరులో క్రొత్తగా కొలువు దొరకినది. దినమును బస్సుపై పోయి వచ్చుచుండెను.

జీతము చేతికి వచ్చిన నాటినుండి ఆ బాలునకు కారుపై మనసు పుట్టినది. అదియు సామాన్యమైన కారు గాదు. కాలు మోపినంతనే బాణమువలె దూసికొనిపోవునట్టి టర్బో యింజనుగల కారు. క్రొత్తదానికి శక్తి చాలక, ఒకరు వాడిన దానిని చూచుకొనెను. అతని కొలువు క్రొత్తదగుటచే అప్పు తల్లి పేరనే పుట్టినది. కారును ఆమె పేరనే రిజిస్టరు చేసిరి. చూపినచోట నెల్ల ఆమె చేవ్రాలు చేసినది. “నీకు లైసెన్సు కలదా, నాయనా?” అని యడుగగా, “కలదమ్మా” యని జేబులోని కార్డును చూపెను. ఆమె ఫోటో చూచి సంతసించినది.

ఒకనాటి మునిమాపువేళ ఆత్మకూరునుండి తిరిగి వచ్చుచు, మలుపువద్ద ఆ బాలుడు సైకిలుపై పోవుచున్న వృద్ధు నొకనిని ఢీకొనెను. ప్రాణము దక్కినది, కాలు పోయినది. విచారణలో బయటపడిన దేమనగా, ఆ బాలుని లైసెన్సు మోటారుసైకిలునకు మాత్రమే చెల్లునది! భీమా కంపెనీ వృద్ధునకు పరిహారము చెల్లించి, పిదప ఆ సొమ్మును కారు యజమానురాలినుండి రాబట్టుకొనవలసినదని ట్రిబ్యునలు తీర్పు చెప్పెను. “అక్కా, నేను స్టీరింగునైన ముట్టి యెరుగను. భారము నాపై నెట్లు పడినది?” అని ఆమె మమ్ము నడిగెను. ఆమెకు మేము చెప్పిన సమాధానమే యిది.

చట్టము దృష్టిలో కారు ఎవరి పేర రిజిస్టరయినదో వారే యజమాని. నడపువారెవరు, అప్పు కట్టువారెవరు అను ప్రశ్న తరువాతిది. వాహనము నమ్మివేసినను, రిజిస్టరులో పేరు మారనంతవరకు పాత యజమానియే బాధ్యుడని సుప్రీముకోర్టు 2018లో తీర్పు చెప్పినది. లైసెన్సు లేనివాడు నడపినప్పుడు భీమా కంపెనీ మొదట బాధితునకు చెల్లించి, పిమ్మట యజమానినుండి రాబట్టుకొనవచ్చునని 2004లోనే ఆ న్యాయస్థానము నిర్ణయించినది. లైసెన్సు లేనివానికి బండి నిచ్చిన యజమానికి మూడుమాసముల వరకు ఖైదుగాని, 5,000 రూపాయల జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. పదునెనిమిదేండ్లు నిండని పిల్లలు నేరము చేసినచో 2019 నాటి సవరణచట్టము మరింత కఠినము: తండ్రికిగాని తల్లికిగాని మూడేండ్ల వరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను పండ్రెండు మాసములు రద్దు, ఆ పిల్లవానికి ఇరువదియైదవయేడు వచ్చువరకు లైసెన్సు లేదు.

కావున లైసెన్సు కార్డునందు ఫోటో చూచిన చాలదు. ‘ఎం.సి.డబ్ల్యు.జి.’ అని యున్నచో గేర్లుగల మోటారుసైకిలు, ‘ఎల్.ఎం.వి.’ అని యున్నచో కారు. ఈ అక్షరములను గుర్తించుటకు గొప్ప చదువు అక్కరలేదు.

ఇక భీమా సంగతి. ఇది రెండు విధములు. మొదటిది పరుల కొరకు చేయునది. దీనిని థర్డు పార్టీ యందురు. మన బండివలన ఇతరులకు ప్రాణహానిగాని, గాయముగాని కలిగినచో ఇచ్చు పరిహారమునకు మితి లేదు. ఆస్తినష్టమునకు 7,50,000 రూపాయల వరకు. ఇది లేక బండిని వీధిలోనికి తెచ్చుట నేరము. 2018 సెప్టెంబరు 1వ తేదీనుండి క్రొత్తకారునకు మూడేండ్లకును, మోటారుసైకిలునకు అయిదేండ్లకును దీనిని ఒక్కమారే తీసికొనవలెనను నియమ మేర్పడినది. రెండవది మన కారునకే కలుగు నష్టమునకు, దొంగతనమునకు చేయునది. రెండును కలిసినదానిని సమగ్రభీమా యందురు. అప్పుపై కొన్న కారునకు పరుల భీమా మాత్రమే చేసినచో, కారు తుక్కయినను వాయిదాలు మాత్రము తప్పవని మరువరాదు.

ఇచ్చట ఒక చిత్రమును గమనింపుడు. 2022 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన పట్టిక ప్రకారము పరుల భీమా వెల యింజను ఘనపరిమాణముపై నాధారపడియున్నది: 1,000 సి.సి.కి లోబడిన కారునకు ఏటికి 2,094 రూపాయలు, 1,500 సి.సి. వరకు 3,416, అంతకు మించినచో 7,897. టర్బో యింజనుగల హ్యుందాయి ఐ20 ఎన్ లైను 998 సి.సి.యే, శక్తి మాత్రము 120 గుఱ్ఱములు. అయినను దానికిని, అందులో సగము శక్తి గల చిన్నకారునకును ఆ వెల ఒక్కటే! నడపువాని ప్రాయము నెవ్వరు నడుగరు. ఇంగ్లండులో నట్లు గాదు. అచ్చట ఇరువదేండ్ల కుఱ్ఱవాడు వడిగల కారు కొనినచో భీమాసొమ్ము భరింపరానంత హెచ్చగును. వాని నడకను కనిపెట్టు యంత్రమును కారులో నుంచు కంపెనీలును గలవు. అచ్చట వెలయే కళ్లెము. మన యింట ఆ కళ్లెము మనమే కావలెను. ప్రీమియము చౌకయైన మాత్రమున ప్రమాదము చౌక కాదు గదా!

వాడిన కారు కొనువారు మరికొన్ని చూచుకొనవలెను. ‘ఏపీ 26’ అను సంఖ్య నెల్లూరుజిల్లాది. 2019లో రాష్ట్రమంతటికి ‘ఏపీ 39’ అను నొక్కటే సంఖ్య వచ్చినది. కావున పాతసంఖ్యను బట్టియే కారు ప్రాయము కొంత తెలియును. పూర్వపు అప్పు తీరినదా, ఆర్సీలో ఆ మాట కొట్టివేయబడినదా యని చూడవలెను. కారు చేతికి వచ్చిన పదునాలుగు దినములలో భీమాపత్రమును మన పేరునకు మార్చుమని కంపెనీకి వ్రాయవలెను. అమ్మినవాడు, “నా భీమాలో సగము రాయితీ కలదు, అదియు మీదే” యనినచో నమ్మరాదు. క్లెయిము చేయనందులకు మొదటి యేట నూటికి 20 మొదలుకొని 50 వరకు పెరుగు ఆ రాయితీ మనిషిది గాని కారుది గాదు.

కారు విలువ యేటేట తగ్గును. రెండేండ్లు దాటి మూడవయేడు నడచుచున్న కారు విలువలో నూటికి 30 వంతులు తగ్గించియే భీమా కట్టుదురు. మార్చిన ప్లాస్టికు, రబ్బరు భాగములకు సామాన్యముగా సగమే యిత్తురు. ఆ తరుగు లేకుండ నిచ్చు అదనపు రక్షణ కలదు. కొంత సొమ్ము హెచ్చు. నడుపు యజమానికి 15,00,000 రూపాయల స్వంత ప్రమాదభీమా వేరుగా నున్నది; కాని అది యజమానికే గాని ఇతరులకు చెల్లదు. తల్లి పేరనున్న కారును కొడుకు నడపునప్పుడు వానికి ఆ రక్షణ లేదు. ఈ యొక్కమాట విని యుదయగిరి తల్లి కంట తడిపెట్టినది.

పందెములకు, వేగపరీక్షలకు, త్రాగి నడపుటకు, స్వంతకారును కిరాయికి త్రిప్పుటకు భీమా వర్తింపదు. పెండ్లివారికి, తిరుపతి యాత్రికులకు స్నేహముకొద్ది నాలుగురూపాయలు పుచ్చుకొని కారు నిచ్చుటయు ఈ చివరి కోవలోనిదే. యింజను శక్తి పెంచుటకో, చప్పుడు పెంచుటకో మార్పులు చేసి కంపెనీకి తెలుపకున్నను చిక్కులు తప్పవు.

నెల్లూరినుండి బుచ్చిరెడ్డిపాళెము, సంగము మీదుగా ఆత్మకూరు పోవు పెద్దబాట నున్ననిదే. నున్ననిబాట యనియే కుఱ్ఱవారు కాలు బిగింతురు. ఆత్మకూరు దాటి ఉదయగిరివైపు తిరిగినచో గొఱ్ఱెలమందలు, గేదెలు, దీపములేని సైకిళ్లు ఎదురగును. ఆ బాటకు 120 గుఱ్ఱముల శక్తి యేల?

పిల్లలకు కారు వలదని మేమనము. కొలువు దూరమైనప్పుడు, ముసలివారిని ఆసుపత్రికి కొనిపోవలసినప్పుడు కారు ఎంతటి యుపకారియో మే మెరుగుదుము. ఆ బాలుడును దుష్టుడు కాడు. ఇప్పుడు తన జీతమునుండి నెలనెల తల్లిచే ఆ బాకీ కట్టించుచున్నాడు. కారు లైసెన్సును సంపాదించుకొనెను. ఆదివారములందు ఆ వృద్ధుని యింటికి పోయి చూచివచ్చుచున్నాడు. ఆ తల్లి ఇప్పుడు ఏ కాగితమునైనను చదివించుకొనక చేవ్రాలు చేయదు. ఇంతటి వెల పెట్టి ఆమె నేర్చిన పాఠమును మనము ఊరకయే నేర్చుకొనవచ్చును.

సోదరీమణులారా! రేపు మీ యబ్బాయి తాళపుచెవులు తెచ్చి మీ చేతిలో నుంచినప్పుడు దిష్టి తీయుడు, హారతి నిండు. అంతకుముందు మాత్రము లైసెన్సు, ఆర్సీ, భీమాపత్రము – ఈ మూటిని దీపము దగ్గర కూర్చుండి చదువుడు. చదువరాకున్నచో చదివించుకొనుడు. పిమ్మటనే చేవ్రాలు చేయుడు.