ఆపరేషన్ అయిపోయింది, ఇంక పరీక్ష ఎందుకు?

దంపతులకు మనవి.

"ఇద్దరు పిల్లలు చాలనుకున్నాం, ఆపరేషన్ అయిపోయింది. ఇంక ఆసుపత్రితో నాకేం పని?" అని మన ముమ్మిడివరం వైపు ఆడవాళ్లు అంటుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పదిమంది వివాహితల్లో సుమారు ఏడుగురు ఈ ఆపరేషన్ చేయించుకున్నవారే. కాని ఆపరేషన్‌లో మూసేది గర్భనాళాలను మాత్రమే. గర్భసంచి, దాని ముఖద్వారం అలాగే ఉంటాయి. ఆ ముఖద్వారానికి క్యాన్సర్ రావచ్చు.

జబ్బు ఎలా మొదలవుతుంది?

దీనికి మూలం హెచ్.పి.వి. అనే వైరస్. కలయిక వల్ల అంటుకుంటుంది. చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొందరిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఎప్పుడు సోకిందో చెప్పలేం. కనుక ఒకరినొకరు అనుమానించుకోవద్దు.

కణాలు అదుపుతప్పి పెరగకుండా మన శరీరంలో కొన్ని జన్యువులు కాపలా కాస్తాయి. కాలవ బాగానే ఉన్నా లాకు తలుపులు మూసేస్తే చేలకు నీరు అందదు కదా! అలాగే, వైరస్ తిష్ఠ వేసినచోట మిథైల్ అనే రసాయనం జన్యువుకు అతుక్కుంటుంది. జన్యువు చెడిపోదు, కాని పని ఆగిపోతుంది. పుండు కనబడడానికి ఏళ్ల ముందే ఈ మార్పు మొదలవుతుంది. ముఖద్వారం నుంచి తీసిన కణాల్లో దీన్ని పట్టుకునే పరీక్షలు పెద్ద ప్రయోగశాలల్లో వచ్చాయి.

మరి మనం ఏం చేయాలి?

ఆ పరీక్ష మన ఊరికి వచ్చేదాకా ఆగనక్కరలేదు. 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలు ఐదేళ్లకొకసారి ముఖద్వారం పరీక్ష చేయించుకోవాలి. పలచని వెనిగర్ వంటి ద్రావకం రాసి, ఒక నిమిషం ఆగి చూస్తారు. తెల్లమచ్చ కనబడితే క్యాన్సరేనని బెంగపడకండి. తొలిదశ మార్పు అయితే చాలామందికి గర్భసంచి తీయకుండానే, చిన్న వైద్యంతో నయమవుతుంది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేసి వైద్యం అందించినచోట ఈ క్యాన్సర్ చావులు దాదాపు సగానికి తగ్గాయని 2009లో తేలింది.

కలయిక తర్వాత రక్తం, ముట్లుడిగాక రక్తం, దుర్వాసనతో తెల్లబట్ట - వీటిలో ఏది కనబడినా వయసు చూడకుండా వెంటనే డాక్టరుగారికి చూపించండి. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు టీకా ఉంది. ఏ.ఎన్.ఎం.ను అడగండి.

భర్తలకు ఒక మాట: "కోతలయ్యాక చూద్దాంలే" అనకండి. మీరే వెంటబెట్టుకుని తీసుకెళ్లండి.

నొప్పి లేదని ఊరుకోవద్దు. నొప్పి వచ్చేదాకా ఆగవద్దు.