సగం పంచిన బహుమతి

1921కి పూర్వం పసితనంలో మధుమేహం వచ్చిందంటే వైద్యుల చేతిలో ఉన్న ఉపాయం ఒక్కటే: బిడ్డను అర్ధాకలితో ఉంచి, ఆయుష్షును కొంతకాలం పొడిగించడం.

ఆ వేసవిలో టొరంటో విశ్వవిద్యాలయంలో, ఆచార్య మెక్లౌడ్ ఇచ్చిన ప్రయోగశాలలో, 29 ఏళ్ళ శస్త్రవైద్యుడు ఫ్రెడరిక్ బాంటింగ్ కుక్కల క్లోమగ్రంథి నుండి ఔషధం తీయడానికి పూనుకొన్నాడు. సహాయకుడు చార్లెస్ బెస్ట్ వయస్సు 22. అప్పుడే పట్టా పుచ్చుకొన్న విద్యార్థి. ఆ అవకాశం తనదా, సహాధ్యాయి నోబుల్‌దా అన్నది నాణెం ఎగురవేసి తేల్చుకొన్నారని చెబుతారు. రక్తంలోని చక్కెరను కొలిచే ఓపిక పని బెస్ట్‌దే.

1922 జనవరి 11న టొరంటో జనరల్ ఆసుపత్రిలో 14 ఏళ్ళ లెనార్డ్ థాంప్సన్‌కు ఇచ్చిన తొలి ఇంజెక్షన్ ఫలించలేదు. మందులో మలినాలు మిక్కుటం. జేమ్స్ కాలిప్ శుద్ధిచేసిన మందును 23 నుండి ఇవ్వగా చక్కెర దిగివచ్చింది. ఆ బాలుడు మరి 13 సంవత్సరాలు జీవించాడు.

1923లో నోబెల్ బహుమతి బాంటింగ్, మెక్లౌడ్‌లకు లభించింది. బెస్ట్ పేరును ఆ ఏడు ఎవరూ ప్రతిపాదించనేలేదు. ప్రతిపాదించే పెద్దలకు విద్యార్థి పేరు తెలిస్తేనే కదా! ఆగ్రహించిన బాంటింగ్ తన వాటాలో సగం బెస్ట్‌కు పంచాడు. మెక్లౌడ్ కాలిప్‌కు పంచాడు.

ఎల్లాప్రగడ సుబ్బారావును ఎరిగిన తెలుగువారికి ఈ బాధ కొత్తది కాదు. ఆయన బృందం అందించిన అమినోప్టెరిన్‌తో పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగా అణచగలిగినట్లు 1948లో ప్రకటించిన సిడ్నీ ఫార్బర్ పేరే లోకానికి ఎక్కువ తెలుసు.

బెస్ట్ మాత్రం టొరంటోలోనే నిలిచాడు. మెక్లౌడ్ ఖాళీచేసిన శరీరధర్మశాస్త్ర పీఠం 1929లో, 30వ ఏట, అతనికే దక్కింది.