విమానములోని గాలి: గల్ఫు ప్రయాణీకులు ఎరుగవలసిన సంగతి

2022 అక్టోబరు 12వ తేదీ రాత్రి గోవానుండి హైదరాబాదునకు వచ్చుచున్న స్పైస్‌జెట్ విమానములో పొగ కమ్ముకొన్నది. దానిని శంషాబాదులో క్షేమముగా దింపిరి. ఇంజను నూనె గాలి సరఫరా మార్గములో చేరుటయే కారణమని పౌర విమానయాన డైరెక్టరేటు తెలిపినది. ఆ రకపు విమానముల ఇంజను నూనెను 15 దినములకొకసారి పరీక్షింపించవలెనని కంపెనీని ఆదేశించినది. జహీరాబాదు వైపు గ్రామములనుండి గల్ఫు దేశములకు పనికై పోవువారును శంషాబాదులోనే విమానమెక్కుదురు. కావున ఇది పట్టణవాసుల సంగతియని మనము ఊరకుండరాదు.

ఇంజను నూనెకును మనము పీల్చు గాలికిని సంబంధమేమని సభ్యులు అడుగవచ్చును. 30,000 అడుగుల ఎత్తున గాలి మిక్కిలి పలుచన. అందుచే ఇంజను లోనికి లాగి అదిమిన గాలిలో కొంత భాగమును, ఇంధనము కలియకమునుపే వేరుచేసి, చల్లార్చి, ప్రయాణీకుల గదిలోనికి పంపుదురు. ఆ గాలికిని నూనెకును నడుమ అడ్డు సీళ్లే. ట్రాక్టరులో సీలు అరిగినచో నూనె నేలపై కారును. విమానములో అరిగినచో ఆవిరియై గాలిలో కలియును. బోయింగు 787 విమానములో మాత్రము ఇంజను గాలిని వాడక, విద్యుత్తుతో నడచు యంత్రములచే వెలుపలి గాలిని తీసికొందురు.

ఆ నూనెలో యంత్రము అరుగకుండుటకై ట్రైక్రెసైల్ ఫాస్ఫేటును కొలదిగా కలుపుదురు. పొలములలో చల్లు క్లోర్‌పైరిఫాస్ వలె ఇదియు ఆర్గానోఫాస్ఫేటు కుటుంబములోనిదే. 1959లో మొరాకో దేశమున విమాన ఇంజను నూనెను వంటనూనెలో కల్తీచేసి అమ్మగా, సుమారు 10,000 మందికి కాళ్లుచేతులు చచ్చుపడెను. గాలిలో కలియునది అంతకంటె ఎంతయో స్వల్పము. అందలి మిక్కిలి విషపు భాగమును నేటి నూనెలలో బహుగా తగ్గించిరి. అయినను తలనొప్పి, కండ్లమంట, వికారము, తలతిరుగుట కలుగవచ్చును. నిత్యము ఎగురు సిబ్బందికి దీర్ఘకాలమున నరములు దెబ్బతినునా అనుటలో శాస్త్రజ్ఞులకు ఏకాభిప్రాయము లేదు. ఏడాదికొకసారి పోవు ప్రయాణీకునికంటె ఆ సిబ్బంది విషయమే మాకు ఎక్కువ చింత కలిగించుచున్నది.

గల్ఫు పోవువారికి పంచాయతీ సభ్యులు చెప్పవలసినదిది. మురికి మేజోళ్ల కంపుగాని మాడిన నూనె వాసనగాని తగిలినచో మొగమాటపడక సిబ్బందికి తెలుపవలెను. భాష రానిచో ముక్కు చూపినను చాలును. పొగ కమ్మినచో తడిగుడ్డను ముక్కునకు, నోటికి అడ్డుపెట్టుకొని, తల వంచి, సిబ్బంది చెప్పినట్లు చేయవలెను. పైనుండి జారు ప్రాణవాయువు తొడుగు పొగకు అడ్డు కాదు, చుట్టునున్న గాలియు దానిలో కలియును. దిగిన పిమ్మట ఒంట్లో బాగులేనిచో వెంటనే వైద్యుని చూచి, విమానములో వాసన తగిలిన సంగతి విడమరచి చెప్పవలెను. చెప్పనిచో ఆయన ప్రయాణపు బడలికయని తలచును. బోర్డింగు పాసును పారవేయరాదు. విమానపు సంఖ్యయు తేదీయు దానిపైననే ఉండును.