‘పేజీ దొరకలేదు’: ట్యునీషియాలో నోరు విప్పిన బ్లాగర్లు

2002 జూన్ 4న ట్యునీషియా రాజధాని ట్యూనిస్ శివారులోని బిన్ అరూస్‌లో, ఒక ఇంటర్‌నెట్ కేంద్రంలో ఉన్న యువకుణ్ణి మఫ్టీలో వచ్చిన పోలీసులు పట్టుకుపోయారు. అతని పేరు జుహైర్ యహ్యావీ. ‘అత్తూన్సీ’, అంటే ట్యునీషియా వాడు అనే మారుపేరుతో అతడు ‘ట్యూనెజైన్’ అనే వెబ్‌సైటును నడుపుతూ వచ్చాడు. అందులో ఒకసారి పాఠకులను ఇలా అడిగాడు: మన దేశం గణతంత్రమా, రాజరికమా, జంతుప్రదర్శనశాలా, లేక కారాగారమా? నాలుగింటిలో ఒకదానిని ఎంచుకోవాలి. అంతే.

ఆ ఇంట్లో ధిక్కారం అతనితోనే మొదలు కాలేదు. బాబాయి వరుసయిన ముఖ్తార్ యహ్యావీ న్యాయమూర్తి. తీర్పులు పైనుంచి వస్తున్నాయనీ, న్యాయమూర్తులు వాటిని చదివి వినిపించే వారిగా మిగిలారనీ 2001 జూలైలో ఆయన దేశాధ్యక్షుడు జైనుల్ ఆబిదీన్ బిన్ అలీకి బహిరంగ లేఖ రాశారు. ఆ సంవత్సరం ముగియకముందే పదవి కోల్పోయారు. ఏ పత్రికా అచ్చువేయడానికి సాహసించని ఆ లేఖను జుహైర్ తన వెబ్‌సైటులో ఉంచాడు. పోలీసులు అతణ్ణి చిత్రహింసలు పెట్టి వెబ్‌సైటు తాళపు మాట రాబట్టారు. న్యాయస్థానం అతనిపై మోపిన నేరాలు రెండు: అసత్య వార్తలు వ్యాపింపజేయడం, ఇంటర్‌నెట్‌ను అనుమతి లేకుండా వాడుకోవడం. రెండేళ్ల జైలుశిక్ష పడింది.

ఆనాటి ట్యునీషియా ఎటువంటిదో కొంత చెప్పుకోవాలి. 1987లో అధికారం చేజిక్కించుకున్న బిన్ అలీకి 1999 ఎన్నికల్లో 99 శాతానికి పైగా ఓట్లు పడ్డాయని ప్రకటించారు. 1981లో బూర్గీబా కాలంలో వెలువడిన 108వ సర్క్యులర్ ప్రభుత్వ కార్యాలయాల్లో, విద్యాసంస్థల్లో హిజాబ్‌ను నిషేధించింది. బిన్ అలీ పాలనలో ఆ నిషేధం మరింత బిగిసింది. మస్జిదులపై నిఘా ఉండేది. అన్నహ్దా ఉద్యమకారులు వేలాదిగా చెరసాలల పాలయ్యారు. అయితే ఆ పాలన ధార్మికులను మాత్రమే పీడించిందని భావిస్తే పొరపాటు. వామపక్షీయులు, న్యాయవాదులు, గని కార్మికులు, ఏ పక్షానికీ చెందని జుహైర్ వంటి యువకులు, అందరూ ఆ గోడల వెనుక కలుసుకున్నారు.

దేశంలో నోరు విప్పితే జైలు. దేశం దాటి విప్పితే? సామీ బిన్ గర్బియా 1998లో ట్యునీషియా విడిచి, చివరకు నెదర్లాండ్స్‌లో శరణార్థిగా స్థిరపడ్డాడు. 2004లో అతడూ, ఇతర ప్రవాస మిత్రులూ కలిసి ‘నవాత్’ అనే వేదికను స్థాపించారు. అరబీలో నవాత్ అంటే ఖర్జూరపు గింజ. ట్యునీషియా పోలీసుల చేయి అక్కడిదాకా చాచలేదు గనుక వారు నిర్భయంగా రాయగలిగారు. కానీ ఆ నిర్భయతకు వెల లేకపోలేదు. స్వదేశంలోని తల్లిదండ్రుల ముఖం చూడడానికి వీలులేదు. కడప నుంచి కరీంనగర్ దాకా, గల్ఫ్‌లో బిడ్డలున్న మన కుటుంబాలు ఈ దూరాన్ని కొంతవరకు ఊహించగలవు. మన బిడ్డలకు కనీసం తిరుగు టికెట్టు ఉంటుంది. సామీకి పదమూడేళ్లపాటు అదీ లేదు.

ప్రవాసులు చేసిన పని కేవలం తిట్టిపోయడం కాదు. మన దృష్టిలో వారి గొప్పతనం అక్కడే ఉంది. విమానాలను ఫోటోలు తీయడం సరదాగా గలవారు యూరప్ విమానాశ్రయాల్లో తీసిన చిత్రాలను వారు ఓపికగా సేకరించి, అధ్యక్షుని విమానం ఏ రోజున ఎక్కడ కనిపించిందో చూశారు. ఆ తేదీలను అధ్యక్షుని అధికారిక పర్యటనలతో సరిపోల్చారు. అనేక సందర్భాల్లో అవి కలవలేదు. అధ్యక్షుడు స్వదేశంలోనే ఉండగా ప్రజాధనంతో ఎగిరే ఆ విమానంలో ఎవరు, ఏ పనిమీద వెళ్లినట్లు? 2007లో ఈ ప్రశ్నను వీడియోగా విడుదల చేశారు. ఆ సంవత్సరమే ట్యునీషియాలో యూట్యూబ్, డైలీమోషన్ మూతపడ్డాయి.

మూతపడడమంటే ‘ఇది ప్రభుత్వం నిషేధించిన పేజీ’ అని తెరమీద కనిపించడం కాదు. ‘404, పేజీ దొరకలేదు’ అన్న సాంకేతిక సందేశం కనిపించేది. చిరునామా తప్పు కొట్టినప్పుడు కనిపించే సందేశమే అది. నిషేధించడానికి వెనుకాడని పాలన, నిషేధించామని ఒప్పుకోవడానికి సిగ్గుపడింది. ఆ అబద్ధాన్ని ప్రజలు పరిహాసంగా మార్చుకున్నారు. కనిపించని ఆ నిషేధాధికారికి ‘అమ్మార్ 404’ అని పేరు పెట్టి, అతడు ఏదో వీధిలో నివసించే మొరటు మనిషి అన్నట్లు మాట్లాడుకున్నారు. 2005 నవంబరులో ఐక్యరాజ్యసమితి సమాచార సమాజ శిఖరాగ్ర సమావేశం జరిగింది కూడా ఆ అమ్మార్ నగరంలోనే! ఇంటర్‌నెట్‌లో ప్రభుత్వాన్ని విమర్శించిన పౌరులను జైల్లో పెట్టే దేశాలను స్విట్జర్లాండ్ అధ్యక్షుడు ఆ వేదికపైనే తప్పుపట్టగా, ట్యునీషియా టెలివిజన్ ప్రసారాన్ని మధ్యలో తెంచివేసింది. ఆ సమావేశం చూడడానికి జుహైర్ లేడు. జైల్లో నిరాహారదీక్షలతో కృశించి, 2003 నవంబరులో విడుదలైన అతడు 2005 మార్చి 13న గుండెపోటుతో మరణించాడు. ఇంకా నలభై దాటని వయసు.

బయటివారు ఎంత రాసినా, లోపల నిలబడి కళ్లారా చూసి చెప్పేవారు లేకపోతే ఆ రాత నిలవదు. ఆ పనిని స్వంత పేరుతో, స్వంత ముఖంతో చేసిన స్త్రీ లీనా బిన్ మహెన్నీ. ‘ట్యునీషియా బాలిక’ అన్న అర్థంవచ్చే పేరుతో బ్లాగు రాసేది. ఆమె తండ్రి సాదిఖ్ ఒకనాటి రాజకీయ ఖైదీ. ఆమె లూపస్ వ్యాధిగ్రస్తురాలు. తల్లి దానం చేసిన మూత్రపిండంతో జీవిస్తున్నది. 2010 డిసెంబరు 17న సీదీ బూజీద్‌లో తోపుడుబండి వ్యాపారి ముహమ్మద్ బూఅజీజీ నిప్పంటించుకున్న తరువాత, కాల్పుల మధ్య ఆమె కస్రీన్, రిగాబ్ పట్టణాలకు వెళ్లింది. ఆసుపత్రుల్లో గాయపడినవారిని, ఇళ్లలో చనిపోయినవారిని ఫోటోలు తీసి ఆ రాత్రే ప్రకటించింది. ఆ బిడ్డల తల్లిదండ్రులే తలుపు తెరిచి ఆమెను లోపలికి పిలిచారు. ఆమె భావాలన్నింటితో మన పాఠకులు ఏకీభవించకపోవచ్చు, మేమూ ఏకీభవించం. కానీ తుపాకుల ముందు చనిపోయినవారి వివరాలు రాసుకున్న ఆ చేతికి మనం గౌరవమివ్వాలి.

ఆ రోజుల్లోనే ప్రభుత్వం ఫేస్‌బుక్, జీమెయిల్ తెరుచుకునే పేజీల్లో దొంగ సంకేతాలను చొప్పించి పౌరుల పాస్‌వర్డులను కాజేసింది. 2011 జనవరి 6న బ్లాగర్ సలీం అమామును పట్టుకుపోతే, అతని ఫోనులోని స్థలసూచిక అతడు హోంశాఖ భవనంలో ఉన్నట్లు మిత్రులకు చూపింది. ఇక నవాత్ అంతకుముందు నవంబరులోనే అమెరికా రాయబారుల రహస్య లేఖలను బయటపెట్టి ఉంది. అధ్యక్షుని అల్లుడి ఇంట విందుకు పెరుగు ఫ్రాన్సు నుంచి విమానంలో వచ్చిందని వాటిలో ఉంది. నిరుద్యోగంతో అలమటించే సీదీ బూజీద్ యువకులు ఆ పెరుగు కథ చదివారు.

జనవరి 14న బిన్ అలీ జిద్దాకు పారిపోయాడు. అంతకుముందు రోజే విడుదలైన అమాము కొద్ది రోజుల్లో యువజన శాఖలో సహాయ మంత్రి అయ్యాడు! కొత్త ప్రభుత్వం కూడా కొన్ని వెబ్‌సైట్లను మూయించడంతో ఆ మే నెలలోనే రాజీనామా చేశాడు. సామీ స్వదేశం చేరుకున్నాడు. జుహైర్ మరణించిన మార్చి 13ను ఇంటర్‌నెట్ స్వేచ్ఛా దినంగా ప్రకటించారు. లీనా తండ్రితో కలిసి చెరసాలల్లోని ఖైదీలకు పుస్తకాలు సేకరించింది. 2020 జనవరిలో ఆమె కన్నుమూసినప్పుడు వయసు 36. అక్కడి ఆచారానికి భిన్నంగా ఆమె పార్థివ దేహాన్ని స్త్రీలు మోశారు.

2021 జూలైలో అధ్యక్షుడు ఖైస్ సయీద్ పార్లమెంటును స్తంభింపజేశారు. 2022 సెప్టెంబరులో వెలువడిన 54వ డిక్రీ ప్రకారం అసత్య వార్త వ్యాపింపజేస్తే ఐదేళ్ల జైలు. ఆ వార్త ప్రభుత్వోద్యోగి గురించి అయితే పదేళ్లు. ఇరవై ఏళ్ల కిందట జుహైర్‌పై మోపిన నేరం పేరూ అదే. 2024 మే నెలలో న్యాయవాది సోనియా దహ్మానీ ఒక టెలివిజన్ చర్చలో, మనం ఏ అద్భుత దేశం గురించి మాట్లాడుకుంటున్నామని వ్యంగ్యంగా అడిగింది. కొద్ది రోజులకు ముసుగులు ధరించిన పోలీసులు న్యాయవాదుల సంఘం భవనంలోకి చొరబడి ఆమెను పట్టుకుపోయారు. ఆమె సోదరి విదేశంలో ఉంటూ ఆమె విడుదల కోసం రాయసాగింది. 2025లో ట్యూనిస్ న్యాయస్థానం ఆ సోదరికి కూడా, ఆమె పరోక్షంలో, రెండేళ్ల శిక్ష విధించింది.