తొలగని ఫైళ్లు - తొలగించవలసిన సాఫ్ట్‌వేరు

పలక మీద వ్రాసిన అక్షరాన్ని చెరపడానికి తడిగుడ్డ చాలు. కంప్యూటరులో దాచిన ఫైలు మాత్రం ఒక్కొక్కప్పుడు ఎన్నిసార్లు తొలగించబోయినా తొలగదు. అట్టి సమయంలో అనేకులు విసుగు చెంది, తమకు తెలియని సాధనాలను ఆశ్రయించి, ఉన్నది కూడ పోగొట్టుకుంటారు. కావున ఫైలు ఎందుకు మొండికేస్తున్నదో ముందుగా గ్రహించడం అవసరం.

గ్రంథాలయంలో ఒక పాఠకుడు చదువుతున్న పుస్తకాన్ని గ్రంథపాలకుడు మధ్యలో లాగివేయడు గదా! విండోస్ వ్యవస్థలోనూ ఇదే న్యాయం. ఏదేని ప్రోగ్రాము ఒక ఫైలును తెరచి ఉంచినంత కాలం సాధారణంగా దానిని తొలగించనివ్వదు. కనుక ముందు ఆ ప్రోగ్రామును మూసివేయాలి. అది తెరపై కనబడకపోతే, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే వచ్చే టాస్క్ మేనేజరులో దానిని గుర్తించి నిలిపివేయవచ్చు. అప్పటికీ లొంగకపోతే కంప్యూటరును రీస్టార్ట్ చేయాలి. తుదకు, అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో ప్రయత్నించాలి. అయితే విండోస్ ఫోల్డరులోని ఫైళ్లకు వ్యవస్థయే రక్షణ కల్పించింది. వాటి జోలికి పోరాదు.

ఇక సాఫ్ట్‌వేరు సంగతి. తెరపై గల చిహ్నాన్ని చెరిపి సాఫ్ట్‌వేరు పోయిందని భావించడం, వాకిట నామఫలకం తీసివేసి కిరాయిదారు ఇల్లు ఖాళీ చేశాడని నమ్మడం వంటిది. సెట్టింగ్స్‌లోని యాప్స్ విభాగం ద్వారా అన్‌ఇన్‌స్టాల్ చేయడమే సరియైన మార్గం. అక్కరలేని సాఫ్ట్‌వేరు తరచు ఉచితంగా లభించే మరొక దాని వెంట చొరబడుతుంది. ఇన్‌స్టాల్ చేసే వేళ ప్రతి తెరను చదివి, అనవసరమైన వాటి ఎదుట ఉన్న టిక్కు గుర్తును తీసివేస్తే ఈ బెడద చాలవరకు తప్పుతుంది.

బలవంతపు తొలగింపు ఎంత ప్రమాదకరమో 2005 నాటి ఒక ఉదంతం తెలుపుతుంది. సోనీ బీఎంజీ సంస్థవారి పాటల సీడీలు కొన్ని, నకళ్లను అరికట్టే నెపంతో, వాటిని కంప్యూటరులో విన్నవారి యంత్రాలలో రహస్య సాఫ్ట్‌వేరును చేర్చాయి. అది తన ఫైళ్లను కంటికి కనబడకుండా దాచేది. ఆ యేడు అక్టోబరు 31న మార్క్ రసినోవిచ్ అనే నిపుణుడు దీనిని బయటపెట్టాడు. ఆ ఫైళ్లను స్వయంగా తొలగించగా ఆయన కంప్యూటరులో సీడీ డ్రైవే కనబడకుండా పోయింది! నిపుణుడు గనుక సరిచేసుకోగలిగాడు. సామాన్యుని గతి ఏమి? సంస్థ అందించిన తొలగింపు సాధనంలో సైతం భద్రతా లోపం కనబడింది. నవంబరులో ఆ సీడీలను వెనుకకు తీసుకోవలసి వచ్చింది.

కళాశాల కంప్యూటరు గదిలో ఒకే యంత్రాన్ని పలువురు వాడుకుంటారు. ఒకరి తొందరపాటు మరొకరి ప్రాజెక్టు నివేదికను హరించవచ్చు. విద్యార్థులకు స్టాండర్డ్ ఖాతాలు మాత్రమే ఇచ్చి, అడ్మినిస్ట్రేటరు అధికారాన్ని బాధ్యుల చేతిలో ఉంచే విషయం కమిటీవారు పరిశీలించదగినది. విద్యార్థులు సైతం తమ పత్రాల ప్రతిని వేరొక చోట భద్రపరచుకున్న పిమ్మటనే తొలగింపునకు పూనుకోవాలి. చెరిపే చేతికి నిదానమే రక్ష.