వనభోజనాలకు మడత బల్ల



కార్తీకమాసం వచ్చిందంటే మన ఇళ్ళలో వనభోజనాల మాట మొదలవుతుంది. కరీంనగర్ వాళ్ళమైతే కుంతాల జలపాతానికో, పొచ్చెరకో, కాదంటే దగ్గరలోనే రామగిరి ఖిల్లా వైపుకో పోదామని పిల్లలు తొందర పెడతారు. పులిహోర, గారెలు, సకినాలు అన్నీ మనమే సర్దుతాం. తీరా అక్కడికి పోయాక చెట్టు కింద జంపఖానా పరచి కూర్చుంటాం. కూర్చోగలిగినవాళ్ళకు అది బాగానే ఉంటుంది. మరి కూర్చోలేనివాళ్ళ సంగతి?

మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. కింద కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టాలి. అందుకే మూడేళ్ళ కిందట ఆమె, "మీరు పోయి రాండ్రి బిడ్డా, నేను ఇంటికాడ ఉంట" అన్నది. మేము పోయి వచ్చాం గానీ ఆ పూట తిన్న అన్నం నాకు ఒంటబట్టలేదు. కూర్చోవడానికి ఒక మడత స్టూలు బజారులో దొరికింది. ఆమె ముందు పెట్టడానికి బల్ల మాత్రం దొరకలేదు. దొరికినవి ఇనుపవి, నడకలో మోయలేనంత బరువు. అప్పుడు నేనే చేసుకోవాలనుకున్నాను. ఆ తయారీ సంగతే ఇవాళ మీకు చెబుతాను.

బల్ల తేలికగా ఉండాలంటే తేలిక చెక్క తెస్తే చాలని మొదట అనుకున్నాను. మన నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్క చూడండి, ఎంత తేలికో! అయితే అది మెత్తన. ఉలికి చక్కగా లొంగుతుంది కనుకనే బొమ్మలకు పనికొస్తుంది. బల్ల కాళ్ళకు పనికిరాదు. తేలికగానూ ఉండి, గట్టిగానూ ఉండేది మన ఆదిలాబాదు అడవుల్లో పుట్టే వెదురు. అందులోనూ లోపల బోలు తక్కువగా, దాదాపు నిండుగా ఉండే గట్టి వెదురు మేలు. సిర్పూర్ కాగజ్‌నగర్ మిల్లులో ఏళ్ళ తరబడి కాగితంగా మారింది కూడా వెదురే.

అలాగని అడవికి పోయి నరుక్కు రాకండి. కవ్వాల్ అడవి 2012 నుంచి పులుల అభయారణ్యం. మేదరివారి దగ్గరో, వెదురు డిపోలోనో కొనుక్కోండి. పచ్చి వెదురు వద్దు. దానిలోని పిండి పదార్థం కోసం పురుగు పడుతుంది, నాలుగు నెలల్లో పొడి రాలుతుంది. మూడు నాలుగు వారాలు నీటిలో నానబెట్టి, నీడలో ఆరబెట్టిన కర్రకు ఆ బాధ తక్కువ. పట్నంలో మనకు నానబెట్టడానికి చెరువెక్కడిది? అందుకని నానబెట్టి ఆరబెట్టిన కర్రే కావాలని ముందుగా చెప్పి ఉంచండి.

ఇక బల్ల తీరు. మన ఇళ్ళలో పుస్తకం పెట్టుకునే వ్యాసపీఠం ఉంటుంది కదా, తెరిస్తే కత్తెరలా నిలబడుతుంది, మూస్తే పలకలా అయిపోతుంది. ఈ బల్ల కాళ్ళు కూడా అంతే. ఇది కొత్త కనిపెట్టుడు కాదు. ఈజిప్టులో మూడువేల ఏళ్ళ కిందటి టుటన్‌ఖామెన్ సమాధిలో కూడా ఇలాంటి కత్తెరకాళ్ళ మడత పీటలు బయటపడ్డాయి.

కావలసినవి ఇవి. ముప్పావు అంగుళం లావు, 30 అంగుళాల పొడవున్న నాలుగు కర్రలు కాళ్ళకు. అదే లావువి 16 అంగుళాలవి రెండు, 14 అంగుళాలవి రెండు అడ్డకర్రలకు. అంగుళం వెడల్పు, పావు అంగుళం మందం, 27 అంగుళాల పొడవున్న పదకొండు వెదురుబద్దలు పైభాగానికి. మంచాలకు అల్లే నవారు రెండు గజాలు, రెండు బోల్టులు, నట్లు, నాలుగు వాషర్లు, పురికొస, కొంచెం గట్టి నైలాను తాడు.

రెండు కాళ్ళకు పైన ఒకటి, కింద ఒకటి 16 అంగుళాల అడ్డకర్రలు పురికొసతో బిగించి కడితే ఒక చట్రం అవుతుంది. మిగిలిన రెండు కాళ్ళతో 14 అంగుళాల చట్రం కట్టండి. చిన్నది పెద్దదాని లోపల ఇమడాలి. రెండింటికీ కాళ్ళ నడిమిన రంధ్రం చేసి బోల్టు వేస్తే అదే ఇరుసు. రెండు కర్రల మధ్య వాషర్ మరచిపోకండి, లేకపోతే ఒకదానికొకటి రాసుకుని అరిగిపోతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. వెదురుకు మేకు కొడితే నిలువునా చీలుతుంది. బర్మాతో నిదానంగా రంధ్రం చేయాలి. వీలైనంత వరకు కణుపు పక్కనే చేయాలి, అక్కడ కర్ర గట్టిగా ఉంటుంది. రంధ్రానికి పైనా కిందా పురికొస నాలుగు చుట్లు బిగించి చుట్టండి. చట్రం అటూ ఇటూ ఊగుతుంటే ఐమూలగా, ఒకదానికొకటి అడ్డంగా రెండు తాళ్ళు కట్టండి. నాలుగు మూలల చట్రం ఒరుగుతుంది గానీ మూడు మూలలది ఒరగదు. ఐమూల తాళ్ళతో మన చట్రం ముక్కోణాలుగా మారుతుంది.

పైభాగానికి బద్దలన్నీ పావు అంగుళం సందుతో వరసగా పేర్చి, 18 అంగుళాల ఎడంతో రెండు నవారు పట్టీలు అడ్డంగా వేసి, ప్రతి బద్దనూ పట్టీకి గట్టి దారంతో కట్టండి. పట్టీ కొసలు జానెడు వదిలితే వాటినే కాళ్ళకు ముడివేసుకోవచ్చు. బద్దలు ఒక అడ్డకర్ర మీది నుంచి రెండో అడ్డకర్ర మీదికి పోయేటట్టు పరవాలి. అడ్డకర్రలకు సమాంతరంగా వేస్తే మధ్యలో ఆధారం ఉండదు, గిన్నె పెట్టగానే ఉయ్యాలలా కుంగుతుంది. పని అయిపోయాక చాపలా చుట్టేయవచ్చు.

ఇంత చేశాను, ఒకటి మరచిపోయాను. కుంతాలలో, మెట్లు దిగకముందు పైనే చెట్ల కింద, నున్నటి బండ మీద బల్ల వేశాం. అత్తగారు స్టూలు మీద కూర్చున్నారు. విస్తరిలో అన్నం వడ్డించి పప్పుచారు పోశానో లేదో, కాళ్ళు రెండు పక్కలకూ జారి బల్ల సాష్టాంగపడింది. అన్నం నేలపాలు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె మాత్రం పకపకా నవ్వి, "నా మోకాళ్ళకన్న నీ బల్ల మోకాళ్ళే ముందుగాల వంగినయి గదనే!" అన్నది.

నేను మరచిపోయింది కింది తాడు. కత్తెరకాళ్ళ మీద బరువు పడగానే అవి విడిపోవాలని చూస్తాయి. ఎంత విడితే అంత జోరుగా జారుతాయి. కింది అడ్డకర్రలు రెండింటినీ కలుపుతూ అటొకటి, ఇటొకటి తాడు కడితే ఆ లాగుడంతా తాడు మీద పడుతుంది.

ఈ తాడులోనే ఇంకో సుఖం ఉంది. బడిలో పిల్లలు చేసే 3, 4, 5 ముక్కోణం లెక్క గుర్తుందా? కాలు 30 అంగుళాలు కదా. తాడు 18 అంగుళాలుంటే బల్ల ఎత్తు 24 అంగుళాలు. తాడు 24 అంగుళాలకు వదిలితే ఎత్తు 18 అంగుళాలకు దిగుతుంది. కనుక తాడుకు రెండు చోట్ల ఉచ్చులు వేసుకుంటే ఒకే బల్ల స్టూలు మీద కూర్చునేవారికీ, పీట మీద కూర్చునే పిల్లలకూ సరిపోతుంది.

ఊరికి తీసుకుపోయే ముందు ఇంట్లోనే నున్నటి షాబాదు బండల మీద పరీక్ష చేయండి. నీళ్ళ బిందె పెట్టి ఒక గంట వదిలేయండి. కట్లు సడలితే మళ్ళీ బిగించండి. దీని మీద స్టవ్వు మాత్రం వెలిగించకండి. మనుషులు కూర్చోకూడదు. జలపాతాల దగ్గర నీటి అంచుకు దూరంగా వేయండి. ఆ బండలు పాకుడు పట్టి ఉంటాయి, కుంతాలలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. తిరిగి వచ్చాక తడి తుడిచి, నీడలో ఆరబెట్టి, గోడకు తగిలించండి.

నా బల్ల రెండు కిలోలకు అటూ ఇటూ తూగింది. చుట్టి తాడు కడితే మా అబ్బాయి భుజాన వేసుకుని నడుస్తాడు. నిరుడు కార్తీకంలో అత్తగారు మాతోపాటు పొచ్చెర వచ్చి, అందరికంటే నిదానంగా రెండోసారి పులిహోర వడ్డించుకుని తిన్నారు.

మీ ఇంట్లోనూ "మీరు పోయి రాండ్రి" అనే పెద్దవాళ్ళుంటే, వెదురు నానడానికీ ఆరడానికీ పట్టే రోజులు లెక్కవేసుకుని, పండుగ ముందు హడావిడి లేకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. సెలవు.