బేస్‌బాల్‌కూ నేల టికెట్ కావాలి

ఐపీఎల్ జట్టు లీగ్ దశలో సొంతగడ్డ మీద ఆడేవి ఏడే మ్యాచ్‌లు. ఉప్పల్‌లో టికెట్లు చూస్తుండగానే అయిపోయాయంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్‌ది వేరే లెక్క. 30 జట్లలో ప్రతిదీ సీజన్‌కు 162 మ్యాచ్‌లు ఆడుతుంది, అందులో 81 సొంత మైదానంలోనే. లాస్ ఏంజెలెస్‌లోని డాడ్జర్ స్టేడియంలో 56 వేల సీట్లున్నాయి కాబట్టి, ఏడాదికి అమ్మకానికి వచ్చేవి 45 లక్షల పైచిలుకు. వసంతం మొదలు సెప్టెంబరు దాకా దాదాపు రోజూ జరిగే ఆట ఇది. మంగళవారం సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా వెళ్లి కూర్చోదగ్గ ఆట. అలాంటిదానికి టికెట్ ధర ఎంతో కొనే నిమిషం దాకా తెలియకుండా ఎందుకుండాలి? ప్రతి స్టేడియంలోనూ పై అంతస్తులో, అవుట్‌ఫీల్డ్ వెనక బెంచీల మీద కొన్ని వేల సీట్లకు సీజన్ మొదలయ్యేలోపే ధర ప్రకటించాలి. ఆఖరి మ్యాచ్ దాకా దాన్ని కదపకూడదు. మన పాత సినిమా హాళ్లలో నేల టికెట్ ఎలాగో, బేస్‌బాల్‌కు ఆ సీట్లు అలాగ.

ఇదేమీ కొత్త గొడవ కాదు. 1876లో పుట్టిన నేషనల్ లీగ్ ప్రవేశానికి 50 సెంట్లు పెట్టింది. ఆదివారం ఆటలు లేవు, మైదానంలో బీరు లేదు. పెద్దమనుషులు మాత్రమే వచ్చే ఆటగా దాన్ని ఉంచాలన్నది యజమానుల కోరిక. వారమంతా ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి ఖాళీ దొరికేది ఆదివారమే, జేబులో ఉండేదీ అంతంతమాత్రమే. 1882లో అమెరికన్ అసోసియేషన్ అనే పోటీ లీగ్ వచ్చి 25 సెంట్లకే టికెట్ అమ్మింది, ఆదివారాలు ఆడింది, బీరు పోసింది. ఆ లీగ్ పదేళ్లే బతికింది. కానీ దాని జట్లలో నాలుగింటిని కలుపుకున్న పాత లీగ్, వాటితోపాటు పావు డాలర్ టికెట్‌నూ ఆదివారం ఆటనూ లోపలికి రానివ్వక తప్పలేదు. బేస్‌బాల్ కూలివాడి ఆట కూడా అయిందంటే అందులో ఆ టికెట్ పాత్ర చాలా ఉంది.

ఇప్పటి పద్ధతికి బీజం 2009లో పడింది. శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ ఆ ఏడాది దాదాపు 2 వేల సీట్ల మీద ప్రయోగం చేసింది. ఎదుటి జట్టు ఏది, బంతి విసిరే పిచర్ ఎవరు, ఏ వారం, వాన పడేలా ఉందా, పట్టికలో జట్టు ఎక్కడుంది అన్నవన్నీ చూసి సాఫ్ట్‌వేర్ ధర మారుస్తూ పోతుంది. మర్నాటి ఏడాదికల్లా స్టేడియం మొత్తానికీ అదే పద్ధతి. తర్వాత ఇతర క్లబ్బులూ అదే బాట పట్టాయి. ఇవాళ టికెట్ కొనబోతే ఫోన్‌లో స్టేడియం పటం తెరుచుకుంటుంది. ఖాళీ సీట్లన్నీ రంగు చుక్కలు, ఒక్కో చుక్కకు ఒక్కో ధర. పొద్దున చూసిన సీటే ఇంట్లో అడిగి సాయంత్రం మళ్లీ చూస్తే ఇంకో ధర. సర్వీసు ఫీజు ఆఖరి తెరలో బయటపడే బాధ మాత్రం కాస్త తగ్గింది. 2025 మే 12 నుంచి మొత్తం ధర మొదట్లోనే చూపించాలని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన పెట్టింది. అయితే ఆ నిబంధన ధర దాచకూడదంటుందే తప్ప, మార్చకూడదని అనదు.

మారే ధర వల్లే చవక టికెట్లు దొరుకుతున్నాయన్నది క్లబ్బుల జవాబు. అందులో నిజముంది. ఏప్రిల్ చలిలో, అడుగున ఉన్న జట్టుతో సోమవారం మ్యాచ్‌కు టికెట్ నిజంగానే చవక. కానీ ఆ చవక ఎవరికి పనికొస్తుంది? మర్నాడు బడి ఉన్న పిల్లలున్న ఇంటికి కాదు. ఆ కుటుంబానికి కుదిరేది శనివారం, లేదా వేసవి సెలవులు. ధర ఎక్కేదీ సరిగ్గా అప్పుడే. అందుకే నా వాదన మొత్తం స్టేడియానికి వర్తించదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021లో జీవో 35తో సినిమా హాళ్లలో అన్ని తరగతులకూ ధర కట్టేసి, పరిశ్రమ లబోదిబోమన్నాక 2022 మార్చిలో సవరించాల్సి వచ్చింది. అలాంటి గంపగుత్త కట్టడి ఇక్కడా అక్కర్లేదు. బ్యాటర్ వెనక కనిపించే ముందు వరసలను క్లబ్ ఎంతకైనా అమ్ముకోనీ.

ఆటగాళ్ల జీతాలు పెరిగాయి కాబట్టి టికెట్ పెరగక తప్పదన్న మాట అందరి నోటా వింటాం. షొహెయ్ ఒహ్తానీకి డాడ్జర్స్ పదేళ్లకు 70 కోట్ల డాలర్లు రాసిచ్చింది మరి! ఈ తర్కం తలకిందులుగా ఉంది. ఖాళీ సీటులో ఇంకొకరు కూర్చున్నంత మాత్రాన క్లబ్‌కు ఖర్చు పెరగదు, జీతం ఎప్పుడో ఖాయమైపోయింది. జనం ఎంత ఇవ్వగలరన్నదే ధరను తేలుస్తుంది, ఆ డబ్బు వస్తుందన్న నమ్మకంతోనే ఆటగాడికి అంత ఇస్తారు. బేస్‌బాల్ ఆటగాళ్ల విపణి మీద 1956లో వ్యాసం రాసిన సైమన్ రాటెన్‌బర్గ్ కాలం నుంచీ ఆర్థికవేత్తలు చెబుతున్నది ఇదే.

పోనీ, క్లబ్బులు లెక్కగట్టే ధర ఎప్పుడూ సరైనదేనా? 2009లో కొత్త యాంకీ స్టేడియం తెరిచినప్పుడు మైదానానికి ఆనుకున్న కొన్ని సీట్లకు ఒక్కో మ్యాచ్‌కు 2,500 డాలర్లు పెట్టారు. చాలా సీట్లు మిగిలిపోయాయి. టీవీ కెమెరా పిచర్‌ను చూపించిన ప్రతిసారీ బ్యాటర్ వెనక ముదురు నీలం రంగు కుర్చీలు వరసలు వరసలుగా ఖాళీగా కనిపించాయి. నెల తిరక్కుండానే కొన్నింటిని సగానికి, 1,250కి దించారు. ఖాళీ కుర్చీ వల్ల నష్టం ఆ కుర్చీ డబ్బుతో ఆగదు. జనం అరుపు లేని మ్యాచ్ టీవీలో చూసేవాళ్లకూ చప్పగానే ఉంటుంది. ఓక్లండ్ అథ్లెటిక్స్ కథ ఇంకా చేదు. 2022 సీజన్‌కు సీజన్ టికెట్ల ధరలు బాగా పెంచారు, పేరున్న ఆటగాళ్లను వదిలేశారు. 2019లో 16 లక్షలు దాటిన ప్రేక్షకులు ఆ ఏడాది 8 లక్షలైనా రాలేదు. ధర ఒక్కటే కారణమనను. కానీ బతిమాలి పిలుచుకోవాల్సిన వేళ రేటు పెంచిన యాజమాన్యమే, జనం రావడం లేదంటూ 2024 తర్వాత ఊరు వదిలి వెళ్లింది.

గట్టి అభ్యంతరం మరొకటి. చవక సీటు పెడితే దాన్ని అభిమాని కంటే ముందు బ్లాక్ వ్యాపారి ఎగరేసుకుపోతాడంటారు. కాగితం టికెట్ల రోజుల్లో దీనికి జవాబు చెప్పడం కష్టమే. ఇప్పుడు టికెట్ ఫోన్‌లోనే ఉంటుంది, ఎవరి ఖాతా నుంచి ఎవరికి మారిందో క్లబ్‌కు తెలుస్తుంది. ఆ కొన్ని వేల సీట్లు కొన్న ధరకే చేతులు మారేలా చేయడం సాంకేతికంగా పెద్ద పనేం కాదు. బేస్‌బాల్ పిచ్చి అమెరికాకు తీసిపోని జపాన్‌లో 2019 జూన్ నుంచి, నిర్వాహకుల అనుమతి లేకుండా టికెట్లను ఎక్కువ ధరకు తిరిగి అమ్మడాన్ని వృత్తిగా పెట్టుకుంటే ఏడాది దాకా జైలు, 10 లక్షల యెన్‌ల దాకా జరిమానా. అమెరికాలో లీగ్ నడిచింది ఎదురు దిశలో. 2007లో స్టబ్‌హబ్‌తో, 2023 నుంచి సీట్‌గీక్‌తో అధికారిక రీసేల్ ఒప్పందాలు చేసుకుంది. తిరిగి అమ్మే వ్యాపారాన్ని చట్టబద్ధంగా లోపలికి పిలిచినవాళ్లే, అది ఉంది కాబట్టి చవక టికెట్ కుదరదనడం న్యాయం కాదు.

ప్రైవేటు వ్యాపారం ధర ప్రైవేటు విషయం అనేవాళ్లు స్టేడియం ఎవరి సొమ్ముతో లేచిందో చూడాలి. డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో టెక్సస్ రేంజర్స్ ఆడే గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌కు 50 కోట్ల డాలర్ల దాకా ప్రజాధనం ఇవ్వడానికి 2016లో ఓటర్లు ఒప్పుకున్నారు. ఆ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. క్రికెట్ తెలిసిన మనిషికైనా బేస్‌బాల్ ఒక్క మ్యాచ్‌తో పట్టుబడదు, పిచర్ ఎత్తులు అర్థమవడానికి నాలుగైదుసార్లు వెళ్లాలి. ఒక్కసారికే జేబు ఖాళీ అయితే రెండోసారి ఎవరు వెళ్తారు? దగ్గర్లోని గ్రాండ్ ప్రెయిరీలో చిన్న లీగ్ బేస్‌బాల్ జట్టు మూతపడ్డాక ఆ స్టేడియాన్నే క్రికెట్‌కు మార్చారు. 2023లో మేజర్ లీగ్ క్రికెట్ అక్కడే మొదలైంది. బేస్‌బాల్‌కు కొత్త అభిమానులు కావాలంటే ఈ కుటుంబాలు కళ్లెదుటే ఉన్నాయి.

ధర మాట మాట్లాడటానికి అదును ప్రజాధనం అడిగిన రోజే. 2024 ఏప్రిల్‌లో మిస్సోరి రాష్ట్రం జాక్సన్ కౌంటీ ఓటర్లు, బేస్‌బాల్ జట్టు కేన్సస్ సిటీ రాయల్స్‌కూ ఫుట్‌బాల్ జట్టు చీఫ్స్‌కూ అమ్మకం పన్ను ఇవ్వడానికి ఒప్పుకోలేదు. డబ్బు కోసం ఏ క్లబ్ ఏ ఊరి గడప తొక్కినా లీజులో ఒక షరతు రాయించుకోవచ్చు. మ్యాచ్‌కు 3 వేల సీట్లు, సీజన్‌కు ముందే ప్రకటించిన ఒకే ధర, శనివారమైనా సెలవు రోజైనా అంతే, తిరిగి అమ్మితే కొన్న ధరకే. 81 మ్యాచ్‌లకు అవి 2 లక్షల 43 వేల టికెట్లవుతాయి. మిగతా సీట్లన్నీ సాఫ్ట్‌వేర్ చేతిలోనే ఉంటాయి.